బాగానే ఉన్న గడియారానికి మూడు రిపేర్లు

ఈ మధ్య మన పిల్లలు కొందరు నా దగ్గరికి వస్తున్నారు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్ళు, పోతుందేమోనని భయపడేవాళ్ళు, ఉన్న ఉద్యోగం మీద విసుగు పుట్టినవాళ్ళు. "అంకుల్, వాచ్ రిపేర్ నేర్చుకుందామనుకుంటున్నాం, టిప్స్ చెప్పండి" అంటారు. కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మా ఇంటి గరాజ్‌లో కూర్చోబెట్టి టీ ఇస్తాను. వాళ్ళు ఫోన్ తీసి వీడియోలు చూపిస్తారు. మెత్తటి సంగీతం వస్తుంటుంది. మనిషి మొహం కనబడదు, చేతులు మాత్రం కనబడతాయి. ఎప్పటిదో పాత గడియారం పది నిమిషాల్లో కొత్త పెళ్ళికొడుకులా తయారై కూర్చుంటుంది. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఎందుకు మండుతుందో వాళ్ళకి నోటితో చెబితే మొహమాటానికి తలూపి వెళ్ళిపోతున్నారు. అందుకని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళ పైన ఈ పని చేశాను. ఏ ఏడాది ఏ హోదా ఇచ్చారు, గోడకి ఎన్ని సర్టిఫికెట్లు తగిలించుకున్నాను, అవన్నీ ఎవరిక్కావాలి? ఒక గడియారం గురించి, దాన్ని పెట్టుకున్న మనిషి గురించి, ఆ ఇద్దరి విషయంలో నేను వెలగబెట్టిన పని గురించి రాస్తాను. చదివాక కూడా ఈ పనిలోకి వస్తానంటే రండి.

మెరుపు పిచ్చి

నేను పని నేర్చుకున్నది తెనాలిలో, మా మేనమామ దుకాణంలో. ఆయన చెయ్యి గొప్పది, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఏమిటో తెలుసా? లోపల ఏం చేసినా చెయ్యకపోయినా, తిరిగి ఇచ్చే ముందు పైన మెరిపించి ఇవ్వాలి. "వాడు మూత తీసి లోపలికి చూస్తాడా ఏంట్రా? మెరవకపోతే మనం ఏమీ చెయ్యలేదనుకుంటాడు" అనేవాడు. గడియారం పైతొడుగుని, అంటే కేసుని, పాలిష్ చక్రానికి ఆనించి, అద్దం తుడిచి, కొత్త పట్టా వేసి చేతిలో పెడితే వచ్చినవాడి మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి నేనూ మురిసిపోయేవాణ్ణి.

తర్వాత ఇక్కడికి వచ్చి ఫ్రీమాంట్‌లో ఒక చిన్న మాల్‌లో ఉన్న గడియారాల దుకాణంలో చేరాను. ఒకపక్క కిరాణా కొట్టు, ఇంకోపక్క దోసెల హోటల్, మధ్యలో మేము. యజమాని పేరు రాయను, బాస్ అందాం. ఆయనకి తెనాలి ఏ దిక్కున ఉందో తెలియదు. పాఠం మాత్రం అదే. కళ్ళకి కనబడేదానికే జనం డబ్బిస్తారు, కనబడనిదానికి రశీదు ఇస్తే చాలు అనేవాడు. రెండు దేశాల్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకే మాట చెప్పేసరికి అదే ధర్మమనుకున్నాను. నా బుద్ధి అలా ఏడ్చింది.

కండిషన్ అనే మాట మీరు రోజూ వింటారు. పాత గడియారం అమ్మేవాడు ప్రతివాడూ "మింట్ కండిషన్" అంటాడు. శాంటా క్లారాలో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు అలాంటిదే ఆన్‌లైన్‌లో కొని తెచ్చి నా ముందు పెట్టాడు. డయల్ ధగధగ మెరిసిపోతోంది. "కొత్తదానిలా ఉంది కదంకుల్?" అన్నాడు. "అదేరా దాని రోగం" అన్నాను. ఎవడో పాత డయల్ మీద రంగు గీకేసి కొత్త రంగు కొట్టి, అక్షరాలు మళ్ళీ అచ్చు వేశాడు. భూతద్దంలో చూస్తే పేరులో ఒక్కో అక్షరం ఉబ్బిపోయి ఉంది. వయసైన గడియారానికి వయసు కనబడాలి. కనబడకపోతే ఎవరో దాని ఒంటి మీద చెయ్యి చేసుకున్నారని అర్థం.

ఇంత తెలిసినవాణ్ణి కదా, నేనేం చేశానో ఇప్పుడు చదవండి.

రావుగారి గడియారం

పూర్ణచంద్రరావుగారు కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. భార్య పోయాక ఫ్రీమాంట్‌లో కూతురు మాధవి దగ్గర ఉంటున్నారు. డెబ్బై దాటినా నిటారుగా ఉండేవారు. మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా, టక్కు, పాలిష్ చేసిన బూట్లు. ఎక్కడికైనా వెళ్తున్నారేమో అనుకున్నాను. ఎక్కడికీ కాదు, పార్కులో వాకింగ్‌కి వెళ్ళి వస్తున్నారు.

జేబు రుమాల్లోంచి గడియారం తీసి టేబుల్ మీద పెట్టారు. నేను చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూశాను.

పాత స్విస్ ఆటోమేటిక్. ఓడల్లో రేడియో ఆఫీసరుగా పనిచేసిన వాళ్ళన్నయ్య ఇచ్చాడట. చొక్కా కఫ్ కింద ఇట్టే దూరిపోయేంత పల్చటి స్టీలు కేసు. డయల్ ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పుడు మీగడ రంగుకి తిరిగింది. అంకెలు లేవు. అంకెల చోట సన్నటి లోహపు గీతలు, చాకు మొనల్లాంటి రెండు ముళ్ళు. తేదీ లేదు, హంగు లేదు, ఆర్భాటం లేదు. ఇలాంటి గడియారంలో దాచుకోడానికి చోటుండదు, ఒక్క గీత వంకరపోయినా బయటపడిపోతుంది. పట్టా పట్టుకునే నాలుగు కొమ్ములు చూడాలి మీరు. పైభాగం సన్నగా గీరినట్టు మసకగా ఉంటుంది, పక్కభాగం అద్దంలా ఉంటుంది, రెంటికీ మధ్య ఒక అంచు. వేలు పెడితే తగిలే అంచు. ఆ కేసు చేసినవాడి పనితనమంతా ఆ అంచులోనే ఉంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవడూ చెడగొట్టలేదు.

లోపలి సంగతి కూడా చెప్పాలి. ఇప్పటి ఆటోమేటిక్‌లో చెయ్యి కదిలినప్పుడల్లా మెయిన్‌స్ప్రింగ్‌ని చుట్టే బరువు పళ్ళెం గుండ్రంగా తిరుగుతుంది. దీంట్లో అలా తిరగదు. అటూ ఇటూ ఊగి, రెండు చివర్లా రెండు చిన్న స్ప్రింగులకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. పెట్టుకుని నడిస్తే మణికట్టు మీద ఎవరో వేలితో తట్టినట్టు ఉంటుంది. పైగా ఈ మోడల్‌కి కీ ఇచ్చే ఏర్పాటే పెట్టలేదు. ముళ్ళు తిప్పుకోవడానికి తప్ప పక్కనున్న బుడిపె ఎందుకూ పనికిరాదు. చెయ్యి ఊగితేనే దానికి తిండి. దీన్ని పెట్టుకునే పెద్దమనిషి ఎప్పటికీ చేతులు ఊపుకుంటూ తిరుగుతూనే ఉంటాడని ఆ డిజైనర్ మహానుభావుడి నమ్మకం. అందం విషయంలో వాడికి దణ్ణం పెడతాను. ఈ విషయంలో మాత్రం నాలుగు వాయించాలనిపిస్తుంది.

"ఆగిపోతోందండీ. పొద్దున లేచేసరికి ఆగి ఉంటోంది" అన్నారు రావుగారు. "ఇంకోటి కూడా. ఇదివరకు నడుస్తుంటే మణికట్టు మీద తట్టేది. ఇప్పుడు తట్టట్లేదు."

ఆ రెండో మాట విన్నానా? విన్నాను. రాసుకున్నానా? లేదు.

మూడు రశీదులు

మొదటి రిపేరు న్యాయమైనదే. విప్పి చూస్తే లోపల నూనె పూర్తిగా ఎండిపోయి ఉంది. ప్రతి భాగాన్నీ కడిగి, కొత్త నూనె వేసి బిగించాను. గడియారాలని తిప్పే యంత్రం మా దగ్గర ఉండేది, దాని మీద వారం ఉంచాను. క్షణం తప్పు లేదు. రావుగారు సంతోషంగా పెట్టుకుని వెళ్ళారు.

పదిరోజులకి మాధవి ఫోన్ చేసింది. ఆవిడ ఏదో కంపెనీలో మేనేజరు, ఎప్పుడూ రెండు మీటింగుల మధ్యే మాట్లాడేది. "అంకుల్, నాన్న వాచ్ మళ్ళీ స్టాప్ అయిపోతోంది. ఇప్పుడేగా సర్వీస్ చేశారు?" అంది.

తెప్పించి చూశాను. తప్పేమీ కనబడలేదు. బాస్‌తో అదే చెప్పాను. "ఏమీ లేదని చెప్పి పంపిస్తే మనకి పని రాదనుకుంటారు. మెయిన్‌స్ప్రింగ్ మార్చు" అన్నాడు. ఆ స్ప్రింగ్ శుభ్రంగా ఉంది. అయినా మార్చాను. "మెయిన్‌స్ప్రింగ్ బలహీనపడింది, మార్చబడింది" అని రశీదులో నా చేత్తో రాశాను. అది అబద్ధం. చిన్నదేగా అనుకున్నాను.

మళ్ళీ ఆగింది. ఈసారి ఆ బరువు కొట్టుకునే రెండు స్ప్రింగులూ మార్చాను, ఇంకో పాత గడియారంలోంచి తీసి. అవీ బాగానే ఉన్నాయి. రెండుసార్లు తిప్పిన కస్టమర్ కదా, మనసు నొచ్చుకుని ఉంటుంది, ఉచితంగా కేసు పాలిష్ చేసి ఇవ్వు అన్నాడు బాస్. నేను ఒక్క నిమిషం చేత్తో పట్టుకుని ఆ కొమ్ముల వైపు చూశాను. తెలుసు. చక్రానికి ఆనిస్తే ఏమవుతుందో ఆ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసి తెలిసీ ఆనించాను. చెయ్యి తెనాలి అలవాటు ప్రకారం దాని పని అది చేసుకుపోయింది. గడియారం మెరిసింది. అంచు పోయింది. సబ్బు ముక్కలా నున్నగా తయారయ్యాయి నాలుగు కొమ్ములూ.

రావుగారు వచ్చి చేతిలోకి తీసుకున్నారు. మెరుపు చూసి మురిసిపోలేదు. కుడి బొటనవేలు కొమ్ము మీద పెట్టి అటూ ఇటూ రాశారు.

"ఇక్కడ అంచు ఉండాలండీ" అన్నారు.

"కొంచెం పాలిష్ చేశాం రావుగారూ, కాంప్లిమెంటరీగా."

"నేను అడగలేదే."

ఆయన ఇంకేమీ అనకుండా పెట్టుకుని వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది. పోయిన అంచు మళ్ళీ రాదు. కొత్తగా అంచు తియ్యాలంటే ఇంకా కొంత లోహం అరగదీయాలి, అప్పుడది వేరే గడియారం అవుతుంది. వీడియోల్లో ఇది చెప్పరు మీకు.

నెల తిరక్కముందే మళ్ళీ ఆగింది. ఈసారి మాధవికి ఓపిక నశించింది, నాకూ నశించింది. "ఒక వారం నేనే పెట్టుకుని చూస్తాను" అన్నాను. నా ఎడమచేతికి పెట్టుకుని తిరిగాను. నడిచినప్పుడల్లా మణికట్టు మీద ఠంచనుగా తట్టింది. వారమంతా ఒక్కసారి కూడా ఆగలేదు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. తప్పు గడియారానిది కాదు, నాది అంతకన్నా కాదు.

తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వచ్చినప్పుడు టేబుల్ మీద గడియారం పెట్టి, అందరికీ వినబడేలా అన్నాను. "రావుగారూ, వాచ్ పర్ఫెక్ట్‌గా ఉంది. మీరే కదలట్లేదు. సోఫాలో కూర్చుని టీవీ చూస్తే ఆటోమేటిక్ నడవదండీ. కాస్త వాకింగ్ చెయ్యండి."

"రోజూ రెండు పూటలా నడుస్తున్నానండీ!" అన్నారాయన.

"నాన్నా, యూ ఆర్ నాట్ సీరియస్ అబౌట్ యువర్ హెల్త్. ఎన్నిసార్లు చెప్పాను? బెంచీ మీద కూర్చుని వచ్చేసి నడిచానంటావు" అంది మాధవి.

"నేను అబద్ధం చెబుతున్నానంటావా?"

"మరి వాచ్ ఎందుకు ఆగుతుంది? అంకుల్ చేతికి ఆగలేదు కదా?"

ఆయన మొహం ఎర్రబడింది. జీవితమంతా నిజాయితీగా ఉద్యోగం చేసిన మనిషిని, మా దుకాణంలో, సొంత కూతురి ముందు, అబద్ధాలకోరుని చేశాను. గడియారం లాక్కున్నట్టు తీసుకుని, ఎడమచేతికి తగిలించుకుని, "పదమ్మా" అని కూడా అనకుండా తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయారు. మాధవి ఫోన్ చూసుకుంటూ కౌంటర్ దగ్గరే ఉండిపోయింది.

పార్కింగ్ లాట్‌లో

మా దుకాణం ముందు గోడ మొత్తం అద్దం. నేను కోపంగా ఆయన వెళ్ళేవైపే చూస్తున్నాను. వాళ్ళ కారు దూరంగా, కిరాణా కొట్టు చివర ఉంది. కోపంలో ఉన్నారు కదా, గబగబా నడుస్తున్నారు. కుడిచెయ్యి విసురుగా ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

ఎడమచెయ్యి ఊగట్లేదు.

కదలకుండా పక్కనే వేలాడుతోంది. మోచెయ్యి కొద్దిగా మడిచి, పాలడబ్బా ఏదో మోస్తున్నట్టు. చేతిలో ఏమీ లేదు. గడియారం ఆ చేతికే ఉంది.

లోలకాలు చూసి బతికినవాణ్ణి నేను. ఊగేదేదో, ఊగనిదేదో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అంత పెద్ద లోలకం నాలుగుసార్లు నా ముందు నడిచి వెళ్ళింది. నేను టేబుల్ మీద వంగి, కంటికి భూతద్దం బిగించుకుని, బాగానే ఉన్న స్ప్రింగులు మారుస్తూ కూర్చున్నాను. ఆ క్షణంలో ఎవరైనా చెప్పు తీసుకుని కొట్టినా కిమ్మనకుండా ఉండేవాణ్ణి.

పరుగెత్తాను. "రావుగారూ, ఆగండి. ఒక్కసారి మళ్ళీ ఆ చివరిదాకా నడవండి."

"ఏంటండీ, ఇప్పుడు పరేడ్ చేయిస్తారా? సాక్ష్యం కావాలా?" అని అరిచారు. కానీ నడిచారు, ఆ పంతానికే. మాధవి కూడా నా వెనకాలే వచ్చింది. "చూడమ్మా, చేతులు చూడు" అన్నాను. చూసింది. ఫోన్ కిందికి దించింది.

"నాన్నా, లెఫ్ట్ హ్యాండ్ ఎందుకలా పెట్టుకున్నావ్?"

"భుజం పట్టేసిందే. ఫ్రోజెన్ షోల్డరన్నారుగా మీ డాక్టరు, నిరుడు."

"నేను డాక్టర్ని కాదమ్మా. ఏం జబ్బో నాకు తెలియదు. ఒకప్పుడు ఈ గడియారాన్ని నడిపిన చెయ్యి ఇప్పుడు నడపలేకపోతోంది. అంతే చెప్పగలను. రేపే తీసుకెళ్ళు" అన్నాను.

పార్కిన్సన్స్ అని తేలింది, ఒంటి కదలికలు నెమ్మదించే జబ్బు. కొన్ని వారాల తర్వాత మాధవి ఒక్కతే వచ్చి చెప్పింది. నిలబడే మాట్లాడింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎప్పటినుంచి ఉందని డాక్టర్ అడిగారంకుల్. మాకెవరికీ తెలీదు. ఎలా చెప్తాం? మీ రిసీట్స్ ఉన్నాయి నా దగ్గర, అవి చూపించాను. ఆ డేట్స్ అన్నీ రాసుకున్నారు."

నా అబద్ధపు రశీదులు ఆయన జబ్బు చరిత్ర అయ్యాయి. మెయిన్‌స్ప్రింగ్ మార్చాను అని రాసిన రోజుకే ఆ చెయ్యి నెమ్మదించింది. మందు అప్పుడే మొదలుపెట్టి ఉండొచ్చు, ఆ మనిషి అప్పటినుంచే కాస్త సుఖంగా ఉండేవాడు. దానికి బదులు సోఫాలో కూర్చున్నావని తిట్టించుకున్నాడు. బాస్‌కి చెబితే "మనం వాచ్ షాపు, హాస్పిటల్ కాదు" అని భుజాలెగరేశాడు. ఆ భుజాలు రెండూ పట్టుకుని ఊపాలనిపించింది. ఊపలేదు, ఉద్యోగం చేసుకున్నాను. ఆ పిరికితనం కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

ఆ రోజు నుంచి ఒక పని మొదలుపెట్టాను. ఆటోమేటిక్ పట్టుకుని ఎవరొచ్చినా ముందు గడియారం ముట్టుకోను. "ఏ చేతికి పెట్టుకుంటారు? అక్కడిదాకా ఒకసారి నడిచి రండి" అంటాను. వింతగా చూస్తారు. చూడనివ్వండి. మీరూ అలాగే చెయ్యండి. గడియారం ఎవరి చేతి మీద బతుకుతోందో తెలియకుండా దాని మూత తీసే హక్కు మీకు లేదు.

కుడి చెయ్యి

మందులు మొదలుపెట్టాక రావుగారు కాస్త తేరుకున్నారు. గడియారం కుడిచేతికి మార్చుకున్నారు. మార్చుకున్న రోజు దుకాణానికి వచ్చి, తలుపు దగ్గరినుంచే, "తడుతోందండోయ్!" అన్నారు. చిన్నపిల్లాడిలా నవ్వారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. క్షమించమని అడిగాను. "పోనిద్దురూ. ఆ అంచు మాత్రం క్షమించను" అన్నారు. ఆ తర్వాత శనివారాలు వచ్చి కూర్చునేవారు. ఇద్దరం స్నేహితులమయ్యాం. ఏడాది పైన గడిచింది.

నేను రిటైరవ్వడానికి ఇంకా నెల ఉందనగా ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చారు. కారు తనే నడుపుకుంటూ వచ్చారు. ఎడమచెయ్యి నెమ్మదించినా కుడిచెయ్యి బాగుందని డాక్టరు డ్రైవింగ్‌కి అడ్డు చెప్పలేదు. రోజూ మనవరాలు ఇషాని స్కూలు నుంచి తీసుకొచ్చేది, కూచిపూడి క్లాసులో దింపేది ఆయనే. ఈ దేశంలో కారు నడపడం ఉన్నంతకాలమే మనిషి తన కాళ్ళ మీద తను ఉన్నట్టు. ఆ సంగతి మన పెద్దవాళ్ళందరికీ తెలుసు.

గడియారం తీసి టేబుల్ మీద పెట్టారు. ఆగి ఉంది. నేను అలవాటుగా చెయ్యి చాచాను.

"తెరవకండి సత్యంగారూ. అది బాగానే ఉంది" అన్నారు.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఆయన కుడిచెయ్యి వైపు చూశాను.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"మూడు వారాలు. ఆగినప్పుడల్లా దాన్ని పట్టుకుని ఊపి నడిపిస్తున్నాను. అమ్మాయి రోజూ నా చేతివైపే చూస్తోంది, వాచ్ నడుస్తోందా లేదా అని. ఆగిందని తెలిస్తే ఆ రోజే కారు కీస్ తీసేసుకుంటుంది. మీరొక పని చెయ్యండి. రిపేరుకి తీసుకున్నట్టు ఒక రశీదు రాసివ్వండి. పార్ట్ దొరకట్లేదని రాయండి. రెండు నెలలు మీ షాపులోనే ఉంచండి. ఇషా స్కూలు అయిపోతుంది, సెలవులొచ్చేస్తాయి. అప్పుడు నేనే చెప్పుకుంటాను."

"రావుగారూ, ఆ పిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని..."

"జాగ్రత్తగా నడుపుతాను. నెమ్మదిగా వెళ్తాను."

"బ్రేక్ వెయ్యాల్సినప్పుడు నెమ్మదిగా వేస్తారా?"

అరిచేశాను. దుకాణంలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన గొంతు తగ్గించారు.

"నాకు పనికిరాని రశీదులు మూడు రాశారు. ఇది ఒక్కటీ రాయలేరా?"

అంతకన్నా గట్టి దెబ్బ ఈ వృత్తిలో నేను తినలేదు. నిజమే కదా. బాస్ చెబితే రాశాను, నా పరువు కోసం రాశాను. స్నేహితుడు అడిగితే రాయనంటున్నాను. బాస్ కూడా వెనకనుంచి, "రాసివ్వు, మనదేం పోయింది?" అన్నాడు. రశీదు పుస్తకం నా మోచేతి పక్కనే ఉంది. పెన్ను కూడా ఉంది.

ఫోన్ తీసి మాధవికి కలిపాను. ఆయన ముందే.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు రావుగారు. తర్వాత "వద్దండీ" అన్నారు. నేను ఆపలేదు. "అమ్మా, నాన్నగారు ఇక్కడున్నారు. గడియారం ఆగింది. గడియారంలో తప్పేమీ లేదు" అన్నాను. ఆవిడకి ఇంకేమీ వివరించనక్కర్లేదు. "ఐ యామ్ కమింగ్" అంది.

ఆమె వచ్చేదాకా రావుగారు నా ఎదురుగా కూర్చునే ఉన్నారు, నన్ను చూడకుండా. నాకు కోపం తగ్గలేదు. ఆయన మీద కోపం, ఆ జబ్బు మీద కోపం, చెయ్యి ఎప్పటికీ ఊగుతుందనుకున్న ఆ డిజైనర్ మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. ఈ ఒక్క నిజం చెప్పడానికి నాకు అర్హత ఉందా అని కూడా అనిపించింది. లేకపోయినా చెప్పాల్సిందే.

మాధవి వచ్చింది. అరవలేదు. ఆయన కుర్చీ పక్కన వంగి, "నాన్నా, కీస్ ఇవ్వు" అంది.

"నాకేం కాలేదు. చెయ్యి బాగానే ఉంది. ఈయనకి చాదస్తం" అన్నారు.

"సరే. ఇవ్వు."

ఆయన కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టారు. తాళంచెవులు చప్పుడయ్యాయి. చెయ్యి బయటికి రాలేదు. వేళ్ళు లోపల వెతుకుతున్నాయి, దొరుకుతున్నాయి, జారిపోతున్నాయి. మాధవి చెయ్యి ముందుకొచ్చి మధ్యలోనే ఆగిపోయింది. నేను లేవబోయి కూర్చున్నాను. ఆయన పట్టు విడవలేదు, మేం సాయం చెయ్యలేదు. నుదుటి మీద చెమట పట్టేదాకా అలాగే వెతికారు. చివరికి తీసి, తాళంచెవులు టేబుల్ మీద పెట్టారు, కూతురి వైపు జరిపారు.

"తీసుకోమ్మా" అన్నారు. "మూడున్నరకి ఇషా స్కూలు వదులుతారు. నువ్వెళ్ళు."